పదిహేడో పాదం

హర్గేసాలో మధ్యాహ్నం కరెంటు పోయింది.
పంకా ఆఖరి చుట్టు తిరిగి, నిట్టూర్చి, ఆగింది.
ముప్ఫై రెండు జవాబు పత్రాలు,
ఎర్రసిరా పెన్ను,
చల్లారిన యాలకుల టీ మీద ఒక ఈగ.

ప్రశ్న ఇచ్చింది నేనే:
దహబో అనే ముసలామె ఎప్పుడో టేపులో చెప్పిన బురాన్‌బుర్,
ఇరవై పాదాలు.
ఇందులోని శబ్దాలంకారం ఏది? రెండు మార్కులు.
చెప్పిన గొంతులో కాకువు ఎలాంటిది? మూడు.

జవాబూ నా దగ్గరే ఉంది, అట్టముక్క మీద:
పాదపాదానా దకారం. ఆమె పేరులో మొదటి అక్షరం.
గొంతు: కోపం.
పదిహేడో పాదంలో ప్రాస తప్పింది,
రాసుకున్నవాడి పొరపాటు కావచ్చు.

మా వాళ్ళకి ఒక్క అక్షరమంటే ఒక్క అక్షరమే.
ఎత్తుకున్న ధ్వనితోనే చివరిదాకా నడవాలి,
ఒంటె మెడలో కర్రగంట
బావి నుంచి బావిదాకా
టొకటొక, టొకటొక.
మధ్యలో గంట ఆగితే
కాపరి వెనక్కి తిరిగి చూస్తాడు.
నేను చూడలేదు.

పిల్లలు బాగానే పట్టుకున్నారు.
దప్పిక దారి, దుమ్ము దిబ్బ,
దడి దాటి దూరమైన దూడ...
దకారం కనపడితే చాలు కింద గీత,
మేకలమంద నడిచిపోయిన ఇసకలా ఉంది కాగితం.
కోపం. కోపం. కోపం.
ఒకడైతే ‘చాలా కోపం’ అని రాసి
అరమార్కు ఎక్కువ ఆశించాడు.

అడుగున ఉబాహ్ పత్రం.
టేపుల కొట్టు జిర్దె మనవరాలు,
వెనకబల్ల, ఎప్పుడూ కిటికీకి అప్పగించిన చెవి.
ఒక్క దకారం కిందా గీత గీయలేదు.

‘సార్, నేను లకారం కోసం వెతికాను.
పదహారు పాదాల్లో ఒక్కటీ దొరకలేదు.
మన మాటలో ఒంటెకి చివర లకారముంది కదా,
అందుకని ఆమె ఒంటె అనకుండా
దూరాన నడిచేది అంది.
పదిహేడో పాదం:
*లీబాన్, లే.*
అది తప్పు కాదు సార్.
కొడుకు పేరు నోట్లోంచి రాకుండా
తన పేరులో అక్షరాన్ని తలుపుకి అడ్డంపెట్టి
పదహారు పాదాలు ఆనుకుని నిలబడింది.
తరవాత చేతకాలేదు.
ఆ గొంతు కోపం కాదు, తలుపు మోస్తున్న మనిషి రొప్పు.
మా తాత దగ్గర టేపుంది, వినండి.’

పద్నాలుగేళ్ళ పిల్ల!
పెన్ను మూత పెట్టి బజారుకి నడిచాను.

జిర్దె కొట్టులో జనరేటరు గుడగుడ.
టేపు మొదట సుర్రుమంది,
నూనె కాగిన మూకుట్లో నీటిచుక్క పడ్డట్టు.
తరవాత దహబో.
ద... ద... పళ్ళవెనక నాలుక మొత్తుకునే చప్పుడు,
రోట్లో పోటు మీద పోటు.
పదహారు.

ఆగింది.
ఎక్కడో ఒక మేక అరిచింది.
ఎవరో చెంచా కింద పెట్టారు.
ఇదేదీ కాగితం మీదకి ఎక్కలేదు.

*లీబాన్, లే.*

తెల్లవారకముందు, పక్కవాళ్ళ నిద్ర చెడకుండా,
బడికి వేళైన పిల్లాణ్ణి
మెడ కింద చెయ్యి వేసి తట్టినట్టు.
అంతే.
తరవాతి మూడు పాదాల్లో దకారం ఉంది,
అరిగిన చెప్పులా, మడమ ఆనకుండా.

అప్పుడు గుర్తొచ్చింది,
ఆ మాటని తరగతిలో నేనెలా చదివానో.
బల్ల గుద్ది.
‘లీబాన్! లే!’
ముందు వరస పిల్లాడొకడు నిజంగానే లేచి నిలబడ్డాడు,
అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ముప్ఫై ఒక్కరు రాసిన కోపం
దహబోది కాదు.
విన్నది విన్నట్టే రాశారు పాపం.
తలా మూడూ వేసేశాను.

అట్టముక్క చింపలేదు.
కోపం అన్నచోట కొట్టేసి
ఏం రాయాలో తోచక
ఖాళీ ఉంచాను.

జిర్దె టేపు వెనక్కి తిప్పుతూ
‘మళ్ళీ పెట్టనా మేష్టారూ?’ అన్నాడు,
ధర అడిగే గొంతుతో.